గజ్జి దురద తొందరగా మొదలైతే ఇమ్యూనిటీ తగ్గినట్టా?

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లెటూరు. మా బాబు ఒంగోలులో హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. కిందటేడు సెలవులకు వచ్చినప్పుడు గజ్జి అంటించుకొచ్చాడు. అప్పుడు నాకు నెల దాటాక గానీ దురద మొదలుకాలేదు. ఈసారి వాడొచ్చిన రెండో రోజు రాత్రి నుంచే నిద్ర లేదు. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజులు తగ్గి మళ్ళీ వస్తోంది. మా అత్తయ్యకు మాత్రం దురద పెద్దగా లేదు గానీ, అరచేతులు, పాదాలు మందంగా అయ్యి పొట్టు రాలుతోంది. ఆమెకు షుగరుంది, కీళ్ళ నొప్పులకు చాలా ఏళ్ళుగా స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటోంది. నాకు ఇమ్యూనిటీ తగ్గిపోయిందా? పెరగడానికి ఏమైనా వాడాలా?
– ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: అమ్మా, మీ ఇమ్యూనిటీ తగ్గలేదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. ఇమ్యూనిటీ పెంచుతాయని చెప్పే పొడులకూ టానిక్కులకూ డబ్బు తగలేయకండి. మీరు రాసింది చదివాక నాకు దిగులంతా మీ అత్తగారి గురించే. ఎందుకో చెబుతాను.

గజ్జి పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడపురుగు చర్మం పైపొరలో దారి తొలుచుకుంటూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. మంచి వెలుతురులో మీ వేళ్ళ సందులు, మణికట్టు చూసుకోండి. వెంట్రుకంత సన్నగా, బూడిద రంగులో వంకరటింకర గీత కనిపిస్తే అదే ఆ దారి. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంటి మీద మామూలుగా ఉండేది మొత్తం పది పదిహేను పురుగులే. అన్ని కొద్ది పురుగులకే ఒళ్ళంతా దురద ఎందుకంటే, ఆ దురద మన శరీరం పుట్టించేది. పురుగు లాలాజలంలో, మలంలో, గుడ్లలో ఉండే ప్రొటీన్లను తెల్ల రక్తకణాలు పరాయివని పసిగట్టి వాటి మీద విరుచుకుపడతాయి. అందుకే పురుగు లేని చోట కూడా పొక్కులు లేస్తాయి.

మొదటిసారి ఇలా పసిగట్టడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. పురుగు కూడా తక్కువది కాదు. కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రొటీన్లను అడ్డుకునే పదార్థాలు వదులుతుంది. దురద తెలియని ఆ నెల రోజుల్లోనే ఇంట్లో మిగతావాళ్ళకు అంటుకుంటుంది. అయితే ఒకసారి గుర్తుపట్టిన టీ కణాలు (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) మరిచిపోవు. రెండోసారి పురుగు చేరితే 1 నుంచి 4 రోజుల్లోనే దురద మొదలవుతుంది. 1940ల్లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో కెనెత్ మెలన్‌బీ అనే శాస్త్రవేత్త, తమంతట తాము ముందుకొచ్చిన వాళ్ళకు గజ్జి అంటించి మరీ ఈ సంగతి గమనించారు. రెండోసారి వాళ్ళకు దురద వెంటనే వచ్చింది, పురుగులు మాత్రం మొదటిసారి పెరిగినంతగా పెరగలేకపోయాయి. అంటే మీ రెండో రోజు దురద మీ ఒంటి రక్షణ చురుగ్గా ఉందనడానికి గుర్తు.

మీ అత్తగారి విషయం దీనికి తలకిందులు. స్టెరాయిడ్ మాత్రల వల్ల, పైగా షుగరు వల్ల, టీ కణాలు చేయాల్సిన పని సరిగా జరగదు. ఇలాంటి వాళ్ళ రక్తంలో ఐజీఈ అనే యాంటీబాడీలు, ఇసినోఫిల్స్ అనే మరో రకం తెల్ల రక్తకణాలు బాగా పెరుగుతాయి గానీ అవి పురుగును ఆపలేవు. దురద తక్కువ కాబట్టి గోకరు, ఎవరికీ అనుమానం రాదు. ఈలోగా పురుగులు వేలల్లో, ఒక్కోసారి లక్షల్లో పెరిగి చర్మం పెచ్చులు కడుతుంది. దీన్ని క్రస్టెడ్ స్కేబీస్ అంటాం. రాలే పొట్టులో కూడా బతికున్న పురుగులుంటాయి. మీరెంత మందు రాసుకున్నా ఆమె దుప్పటి దులిపితే చాలు, మళ్ళీ అంటుకుంటుంది. సోరియాసిస్, ఫంగస్ కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి చూడకుండా నేను తేల్చి చెప్పలేను. ఈ వారంలోనే ఆమెను ఒంగోలు రిమ్స్‌కో నెల్లూరు పెద్దాసుపత్రికో తీసుకెళ్ళి చర్మ డాక్టరుకు చూపించండి. పొట్టు గీకి మైక్రోస్కోపు కింద చూస్తే తెలిసిపోతుంది. స్టెరాయిడ్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపించకండి, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

మీ ట్యూబు మీద క్లోబెటసాల్ అనో బీటామెథసోన్ అనో స్టెరాయిడ్ మందు పేరు ఉందేమో చూడండి. ఉంటే అది రాయడం ఆపండి. అది తెల్ల రక్తకణాల నోరు నొక్కుతుందే గానీ పురుగును చంపదు. అందుకే నాలుగు రోజుల ఉపశమనం, తర్వాత మళ్ళీ మొదలు. వేపాకు, పసుపు నూరి పట్టించినా దాన్నే నమ్ముకోవద్దు.

మీ ఇంటికి కావలసింది 5 శాతం పర్మెత్రిన్ క్రీము. దురద ఉన్నా లేకపోయినా ఇంట్లో అందరూ ఒకే రాత్రి, మెడ నుంచి అరికాళ్ళ దాకా, వేళ్ళ సందులు, బొడ్డు, గోళ్ళ కింద వదలకుండా రాసి 8 నుంచి 14 గంటలు ఉంచి స్నానం చేయాలి. వారం తర్వాత మళ్ళీ ఒకసారి. అత్తగారికి వైద్యం మొదలయ్యే రోజే మీరంతా రాసుకోవాలి, ముందూ వెనకా అయితే వృథా. ఆమెకు ఐవర్‌మెక్టిన్ మాత్రలు కూడా కొన్ని విడతలు అవసరం కావచ్చు, అది డాక్టరు బరువు చూసి ఇస్తారు. గర్భిణులకు, 15 కిలోల లోపు పిల్లలకు ఆ మాత్ర మామూలుగా ఇవ్వం. ఆ రోజు బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకండి. ఉతకలేనివి కవర్లో బిగించి వారం పక్కన పెట్టండి. హాస్టల్ వార్డెన్‌కు కూడా చెప్పండి. గదిలో పిల్లలందరికీ ఒకేసారి వైద్యం జరగకపోతే మీ బాబు వచ్చే సెలవులకు మళ్ళీ ఇదే తెస్తాడు.

మందు పూర్తయ్యాక కూడా 2 నుంచి 4 వారాలు దురద ఉంటుంది. చచ్చిన పురుగుల అవశేషాలు చర్మంతో పాటు రాలిపోయే దాకా శరీరం వాటి మీద పోరాడుతూనే ఉంటుంది. మందు పనిచేయలేదనుకుని రోజూ క్రీము పూస్తే చర్మం మండిపోతుంది. నిద్ర పట్టకపోతే దురద మాత్ర డాక్టరును అడగండి. నాలుగు వారాలు దాటినా తగ్గకపోయినా, కొత్త గీతలు కనిపించినా మళ్ళీ చూపించుకోండి.

గోకిన చోట చీము పడితే ఆలస్యం చేయకండి. ఆ పుండ్లలో చేరే స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల కొందరు పిల్లలకు, పుండు మానాక కూడా, కిడ్నీలు వాస్తాయి. బాబుకు పొద్దున్నే ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రగా గానీ టీ డికాషన్ రంగులో గానీ వచ్చినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.