కొత్త ట్యాంకులో రామ్ చేపలు ఎందుకు చనిపోతున్నాయి? హనుమకొండ నీళ్లతో నా అనుభవం

అన్నా, మీ ప్రశ్న చదువుతుంటే నా పాత కథే మళ్లీ చదివినట్టుంది. మీది రెండడుగుల కొత్త ట్యాంకు, పాప పుట్టినరోజుకని తెచ్చిన రామ్ అనే చిన్న రంగుల చేపల జత, మూడో రోజుకే ఆడది చనిపోయింది, మగది మూలకు చేరి మేత ముట్టడం లేదు. రోజూ నీళ్లన్నీ మార్చి, ఫిల్టర్ స్పాంజి నల్లా కింద పిండి, రాళ్లు తోమి పెడుతున్నా ఎందుకిలా అని అడిగారు. తిప్పలంతా ఆ తోమడంతోనే వచ్చింది.

కారణాలు తర్వాత చెప్తా, ముందు ఈ రోజు చేయాల్సింది. స్పాంజిని ఇక ముట్టుకోకండి. రెండు రోజులు మేత బంద్ పెట్టండి, ఆరోగ్యంగా ఉన్న చేప రెండు రోజుల ఆకలికి చావదు. నీళ్లు రోజుకు మూడో వంతు మాత్రమే మార్చండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకులో రాళ్లు పోగా 50 లీటర్లు పడతాయి కాబట్టి ఒక బకెట్ సరిపోతుంది. ఆ బకెట్ నీళ్లలో యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, ట్యాంకు నీళ్లంత వెచ్చగా ఉన్నాయో లేదో చెయ్యి పెట్టి చూసి, మెల్లగా పోయండి. గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ రాత్రంతా నడవనివ్వండి. లైటు ఆపేయండి. షాపులో ఇచ్చిన నీలం మందు మాత్రం ట్యాంకులో పోయకండి. దానికి ఫిల్టర్‌లో అప్పుడప్పుడే మొలుస్తున్న బ్యాక్టీరియా కూడా చస్తుంది. మనకు కావాల్సిందే ఆ బ్యాక్టీరియా.

చేప విసర్జించేదాంట్లో, మిగిలిపోయిన మేతలో అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషమే. మూడోది తక్కువగా ఉంటే చేప ఓర్చుకుంటుంది. ఈ బ్యాక్టీరియా స్పాంజిలో, రాళ్ల మీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు రోజూ స్పాంజిని క్లోరిన్ ఉన్న నల్లా నీళ్లలో పిండితే లెక్క రోజూ మొదటికొస్తుంది. గాజు తళతళలాడినంత మాత్రాన నీళ్లు మంచివి కావు, అమ్మోనియా కంటికి కనబడదు.

నేను 2019లో మొదలుపెట్టా. మొదటి జత అయిదు రోజులు, రెండో జత తొమ్మిది రోజులు ఉన్నాయి. మూడో జత తెచ్చిన రోజే ట్యాంకు శుభ్రం చేశా, రెండు రోజులకే పోయాయి. మా ఆవిడ "చేపలు తెస్తున్నవా, పైసలు నీళ్లల్ల పోస్తున్నవా" అంది. కోపం వచ్చింది గానీ, అన్నది నిజమే. ఆ తర్వాత ఓ మిత్రుడి పాత ట్యాంకులో స్పాంజి ముక్క అడిగి తెచ్చి నా ఫిల్టర్‌లో పెట్టుకున్నా. గప్పీలనే చిన్న చేపలు అయిదు వేసి ఆరు వారాలు ఆగా. ఆన్‌లైన్‌లో చుక్కల టెస్ట్ కిట్ తెప్పించి అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 లోపు వరుసగా వచ్చేదాకా చూశా. అప్పటికీ రామ్ తేలేదు, ట్యాంకుకు మూడు నెలలు నిండాక తెచ్చా. ఆ జత రెండేళ్లు పైనే బతికింది. ఈ చేప ఆయుష్షే రెండు మూడేళ్లు. మీకు తెలిసినవాళ్లలో పాత ట్యాంకు ఎవరికైనా ఉంటే ఈ రోజే స్పాంజి ముక్క అడగండి. తడి ఆరకుండా, వాళ్ల ట్యాంకు నీళ్లలోనే వేసుకుని తేవాలి. కాకపోతే వాళ్ల చేపలకు రోగాలేమీ లేవని చూసుకుని తెచ్చుకోండి.

ఇక నీళ్ల సంగతి. ఇది మన దగ్గర అందరికీ దెబ్బేసే విషయం. ఈ చేప సొంతూరు వెనిజులా, కొలంబియా మైదానాల్లోని ఒరినోకో నది పరిసరాలు. అక్కడి నీళ్లు వెచ్చగా, మెత్తగా (అంటే కరిగిన ఖనిజాలు తక్కువగా), కాస్త ఆమ్లంగా ఉంటాయి. మా ఇంటి బోరు నీళ్లలో టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపేది) పెడితే 720 చూపించింది, పీహెచ్ (ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత, 7 అంటే మధ్యస్థం) 8 దాటింది. పీహెచ్ పెరిగితే అదే అమ్మోనియా ఇంకా ఎక్కువ విషంగా మారుతుంది, వేడి తోడైతే మరీను. అందుకే పక్కింట్లో నల్లా నీళ్లతో పెంచినవాళ్ల చేపలు ఉంటే, బోరుతో పెంచిన మన చేపలు పోతాయి. వడ్డేపల్లి, ధర్మసాగర్ లాంటి చెరువుల నుంచి శుద్ధి చేసి వదిలే నల్లా నీళ్లు మా బోరు కంటే చాలా మెత్తగా ఉంటాయి, క్లోరిన్ ఒక్కటి పోగొట్టుకుంటే చాలు. మీకు బోరే దిక్కయితే, తాగే నీళ్ల క్యాన్ కలపండి. మా క్యాన్ నీళ్ల టీడీఎస్ 40 ఉండేది. మూడు వంతుల క్యాన్‌కు ఒక వంతు బోరు కలిపితే 210 దగ్గరికి వచ్చింది, నాకు అదే పనిచేసింది. ఉత్త క్యాన్ నీళ్లే పోస్తే మాత్రం అందులో ఖనిజాలు లేక పీహెచ్ నిలకడగా ఉండదు. మీ మిశ్రమం మీ మీటర్‌తో మీరే తేల్చుకోవాలి. ఒక్క రోజులో మార్చేయకుండా వారం రెండు వారాల్లో దించండి.

రాళ్లు కూడా చూడండి. అందంగా ఉందని షాబాద్ బండ ముక్కలో, పాలరాతి చిప్సో, గవ్వలో వేసి ఉంటే తీసేయండి. అవన్నీ సున్నపు జాతివి, కరిగి నీళ్లను గట్టిపరుస్తాయి. కరీంనగర్ గ్రానైట్ ముక్క అయితే ఏం కాదు. అనుమానం ఉంటే రాయి మీద నిమ్మకాయ పిండండి, నురగ వస్తే ట్యాంకులో వద్దు. మన వీధుల్లో బాదం చెట్లకు కొదవ లేదు కదా, ఎండి రాలిన గోధుమరంగు ఆకు ఒకటి కడిగి వేస్తే నీళ్లు పలచటి డికాషన్ రంగుకు వస్తాయి, రామ్‌కు అది ఇష్టం. మందు కొట్టిన చెట్టు ఆకు, పచ్చి ఆకు వద్దు. ఒక్క సంగతి, గట్టి బోరు నీళ్లలో ఎన్ని ఆకులు వేసినా పీహెచ్ దిగదు. నేను ఎనిమిది ఆకులు వేసి చూశా, రంగు తప్ప ఏమీ మారలేదు.

ఎండల గురించి చాలామంది భయపడతారు గానీ, ఈ చేపకు 27 నుంచి 30 డిగ్రీలు కావాలి. మనకు చలికాలమే అసలు గండం. జనవరి రాత్రుల్లో హీటర్ లేకపోతే దీని పని అయిపోయినట్టే. 50 లీటర్లకు 50 వాట్లు మామూలుగా చాలు, చలి ఎక్కువుండే గది అయితే 100 తీసుకోండి. మే నెలలో మా హాల్లో ట్యాంకు 33 దాటేది. టేబుల్ ఫ్యాన్ నీటి పైతలానికి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గింది. ఐసు బాటిళ్లు వేయకండి, గంటలో చల్లబడి గంటలో వేడెక్కితే చేప తట్టుకోదు. ఫ్యాన్‌తో ఆవిరైన మేరకు క్యాన్ నీళ్లే పోయండి, ఎందుకంటే ఉప్పులన్నీ ట్యాంకులోనే మిగిలిపోతాయి. మిద్దె మీద ట్యాంకీ నీళ్లు మధ్యాహ్నం పూట ఎలా కాలిపోతాయో మీకు చెప్పక్కర్లేదు, పొద్దున్నే పట్టుకోండి.

2023 జూలై చివర వరదలప్పుడు మా కాలనీలో కరెంటు పోయింది. ఫిల్టర్ ఆగితే కొన్ని గంటల్లో స్పాంజిలోని బ్యాక్టీరియాకు గాలి అందదు, చేపల సంగతి సరేసరి. ఆ రాత్రి నేనూ మా పెద్దోడూ వంతులేసుకుని చెంబుతో నీళ్లు ముంచి పై నుంచి ధారగా పోస్తూ కూర్చున్నాం. వాడికది ఆటే, నాకు నడుం పట్టేసింది. మర్నాడే యూఎస్‌బీ ఎయిర్ పంపు ఆర్డర్ పెట్టా, ఫోన్ పవర్ బ్యాంకుతో నడుస్తుంది. మీరు ముందే కొనుక్కోండి.

మేత చిటికెడు చాలు, రెండు పూటలా రెండు నిమిషాల్లో తినేంత. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ ముక్క గట్టిగా చెప్పాలి. మా అత్తమ్మ "పాపం, ఆకలికి నోరు తెరుస్తున్నయి" అని చెరువులో ప్యాలాలు వేసినట్టు గుప్పెడు వేసేసింది ఓసారి. నోరు తెరిచేది ఆకలికి కాదు, ఊపిరాడకే కావచ్చు.

మీ మగ చేప మొప్పలు గబగబా ఆడుతున్నా, రెక్కలు ముడుచుకున్నా అది చాలావరకు నీళ్ల బాధే, పైన చెప్పినవి చేస్తే నాలుగైదు రోజుల్లో తేరుకునే అవకాశం ఉంది. మలం తెల్లటి దారంలా వస్తూ పొట్ట లోపలికి పోతుంటే కడుపులో పరాన్నజీవులు అనుకోవాలి. దాని మందు వేరు, మోతాదు తెలిసినవాళ్లను అడిగి వేయండి.

దానికి తోడు కావాలని పాప ఏడుస్తున్నా ఇప్పుడే ఇంకోటి తేకండి. తెచ్చే రోజు వచ్చినప్పుడు షాపులో అంగుళం కూడా లేకుండా నెమలి పింఛంలా మెరిసేవాటిని వదిలేయండి, వాటికి రంగు కోసం హార్మోన్లు పెట్టి ఉండొచ్చు. కాస్త వెలిసినట్టున్నా చురుగ్గా తిరుగుతూ, మీ ముందు మేత వేయిస్తే తినేదాన్ని తీసుకోండి. పొట్ట దగ్గర గులాబీ రంగు ఉంటే ఆడది. కవరు పావుగంట తేలనిచ్చి, పది నిమిషాలకో కప్పు చొప్పున గంటసేపు మీ నీళ్లు కలిపి, చేపను మాత్రమే వదలండి, కవరు నీళ్లు పారబోయండి.

మీది బోరా, నల్లానా? అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ ఎంతొచ్చాయో చూసి ఇక్కడే రాయండి, నేను రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక చూస్తా.