రైటర్ లేని స్టేషన్

అమ్మాయ్,

నీ కథ రెండుసార్లు చదివాను. కోటిపల్లి రేవులో శవం తేలడం, కానిస్టేబుల్ బండి మీది తువ్వాలు తెచ్చి ఆ ముఖం మీద కప్పడం... అక్కడ నాకు గొంతు పట్టేసింది. పేజీ తిప్పగానే కోపం వచ్చింది. ఎస్సై ఒక్కడే వస్తాడు, అనుమానితుణ్ణి రెండు పీకి నిజం కక్కిస్తాడు, కథ అయిపోతుంది. మరి స్టేషన్‌లో మిగతావాళ్ళంతా ఏమయ్యారు?

పోలీసుల దగ్గర ఒప్పుకున్నంత మాత్రాన నేరం రుజువు కాదమ్మా. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ అలాంటి ఒప్పుకోలు చెల్లదంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం 23వ సెక్షనూ అదే అంటోంది. నీ ముగింపుతో కోర్టుకెళ్తే హంతకుడు దర్జాగా ఇంటికి పోతాడు.

నీళ్ళలో దొరికిన మనిషి గురించి మొదటి ప్రశ్న ఎవరు చంపారని కాదు, ఈయన ఎవరని. ఊళ్ళో పెద్దమనుషుల్ని పిలిచి పంచనామా రాస్తారు. మొలతాడు, పుట్టుమచ్చలు, చొక్కా కాలరు లోపల టైలరు లేబుల్. ఆ లేబుల్ పట్టుకుని ఒకరు దర్జీ కొట్ల వెంట తిరుగుతారు, ఇంకొకరు చుట్టుపక్కల స్టేషన్లలో మిస్సింగ్ కేసులు వెతుకుతారు. తడిబట్టల్ని నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టి సీలు వేయాలి. తడిగా మూట కడితే బూజు పట్టి ఆధారం పాడైపోతుంది. క్లూస్ టీమ్, జాగిలాలు, ల్యాబ్ రిపోర్టు, ఎవరి పని వాళ్ళది.

ఇదంతా కాగితం మీదికి తెచ్చేది స్టేషన్ రైటర్. కథ రాసే నీకు ఆయనే కనపడలేదా? కుర్రతనంలో నేను మా ఊరి స్టేషన్ బల్ల మీద నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని ఒక రైటర్ని చూశాను. కాగితాల మధ్య మూడు కార్బన్లు పెట్టి, అడుగు కాపీలో కూడా అక్షరం పడాలని పెన్ను నొక్కి రాసేవాడు. నడివేలి మీద చిక్కుడు గింజంత కాయ కాసింది. "ఇక్కడ ఒక్క టైము తప్పు పడితే వాయిదాలో డిఫెన్సు లాయరు నన్ను ఉతికేస్తాడు బాబూ" అన్నాడు. ఆయన మీద కథ రాస్తే ఒక ఎడిటరు పంచనామా ఉన్న రెండు పేజీలూ కొట్టేసి, "ట్విస్టు ఏదండీ?" అని రాశాడు. ముప్పై ఏళ్ళయింది, ఆ ఎర్ర సిరా గీత ఇంకా మర్చిపోలేదు. ఇప్పుడు అందరూ ట్విస్టులే రాస్తున్నారు, నువ్వూ అదే దారి పట్టావని నా బాధ.

నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ రేవు దగ్గరికి మళ్ళీ వెళ్ళు. తువ్వాలు కప్పిన కానిస్టేబుల్ ఆ రాత్రి ఎన్ని గంటలకు ఇల్లు చేరాడో, ఇంట్లో తువ్వాలు ఏదని అడిగితే ఏం చెప్పాడో రాసి పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు