పాత వాల్వ్ టీవీ దొరికిందా? ముందు ప్లగ్గు జోలికి వెళ్లకండి

మీ ప్రశ్న ఇదీ: 1960ల నాటి చెక్క పెట్టె వాల్వ్ టీవీ (ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాక్యూమ్ గొట్టాలతో పనిచేసేది) ఒకటి చేతికొచ్చింది. ప్లగ్ పెట్టి చూడొచ్చా? బాగుచేసి హాల్లో పెట్టుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకో నాలుగు సేకరించాలని ఉంది, ఎలాంటివి తీసుకోవాలి? చాలా ఏళ్లుగా ఇదే పిచ్చిలో ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

మొదటిదానికి జవాబు: వద్దు. "పనిచేస్తుందో లేదో ఒక్కసారి చూద్దాం" అనే ఆత్రం వల్ల పాడైనన్ని సెట్లు ఇంక దేనివల్లా పాడవ్వలేదు. ఏళ్ల తరబడి కరెంటు చూడని టీవీలో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (చార్జిని నిల్వ చేసే భాగాలు) ఎండిపోయి ఉంటాయి, మైనం పూసిన కాగితం కెపాసిటర్లు తేమ పీల్చి లీకవుతుంటాయి. ఒక్కసారిగా ఫుల్ వోల్టేజీ ఇస్తే అవి షార్ట్ అవుతాయి, పోతూ పోతూ పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌నో, బొమ్మ ట్యూబుకి హైవోల్టేజీ ఇచ్చే లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌నో వెంట తీసుకుపోతాయి. కెపాసిటర్లు ఈ రోజుకీ కొత్తవి దొరుకుతాయి. ఆ ట్రాన్స్‌ఫార్మర్లు దొరకవు, దొరికినా ఇంకో టీవీని విప్పి తీసినదే అయ్యుంటుంది.

సెట్ బాగుచేయడానికి పనికొస్తుందా అనేది పిక్చర్ ట్యూబే (ముందు వైపు స్క్రీన్‌గా కనిపించే పెద్ద గాజు ట్యూబు) తేలుస్తుంది. మిగతావన్నీ ఏదో ఒకలా సర్దుకోవచ్చు. వెనక అట్ట తీసి ట్యూబు మెడ వైపు టార్చ్ వేయండి. గాజు లోపల వెండిలా మెరిసే మచ్చ కనిపిస్తే మంచి సూచన. అది పాలలా తెల్లబడిందంటే లోపలికి గాలి జొరబడింది, ఇక ఆ ట్యూబు మీద ఆశ వదులుకోవాల్సిందే. తర్వాత, కింద చెప్పిన డిస్చార్జ్ చేశాకే, మల్టీమీటర్‌తో హీటర్ (ట్యూబు మెడలో వేడెక్కే సన్నటి తీగ) తెగిపోలేదు కదా అని చూడండి. ఈ రెండూ పాసైతే ముందుకెళ్లొచ్చు. బాగా వాడేసిన ట్యూబులో బొమ్మ మసకగా వస్తుంది, తెల్లటి చోట్లు వెండి రంగు పూసినట్టు కనిపిస్తాయి. రిజువనేటర్ అనే పరికరంతో క్యాథోడ్‌కి (ఎలక్ట్రాన్లు వదిలే భాగం) కొంత ప్రాణం పోయొచ్చు గానీ ఆ వెలుగు ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. అందుకే నేను దాన్ని చివరి అస్త్రంగానే వాడతాను.

స్క్రీన్ అంచుల్లో బూజు పట్టినట్టు తెల్లటి మచ్చలుంటే మాత్రం కంగారు పడకండి. ట్యూబు ముందు అతికించిన సేఫ్టీ గ్లాసుకీ ట్యూబుకీ మధ్య ఉన్న జిగురు పాడవడం వల్ల వచ్చేవి అవి. సేకరించేవాళ్లు దాన్ని కంటి 'శుక్లం' (క్యాటరాక్ట్) అంటారు, సరిగ్గానే పెట్టారు పేరు. వేడి చేసి మెల్లగా ముందు గాజు విడదీసి, పాత జిగురు గీకేస్తే కొత్త ట్యూబులా తయారవుతుంది. అయితే మొదటి సెట్‌తోనే ఆ పనికి దిగొద్దు. ట్యూబు లోపలంతా శూన్యం, పగిలితే గాజు ముక్కలు నలుదిక్కులా ఎగురుతాయి. కళ్లకు మందపాటి అద్దాలు, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. ట్యూబును మెడ పట్టుకుని ఎత్తకూడదు.

ఇక షాక్ సంగతి. ప్లగ్ తీసేశాం కదా అని ధీమాగా ఉండకండి. ట్యూబు గాజే ఒక పెద్ద కెపాసిటర్. బ్లాక్ అండ్ వైట్ సెట్లో 15 వేల వోల్టుల దాకా, కలర్ సెట్లో 25 వేల దాకా ఉంటుంది, ఆఫ్ చేశాక కూడా ఆ చార్జి చాలాసేపు నిలుస్తుంది. డిస్చార్జ్ చేసే పద్ధతి ఇదీ. ట్యూబు వెనక నల్లటి పూత మీద అల్లిన రాగి తీగ ఒకటి ఉంటుంది. హైవోల్టేజీకి తట్టుకునే రెసిస్టర్ ఉన్న వైరును ఆ తీగకి ఒక వైపు, పొడవాటి పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌కి రెండో వైపు క్లిప్ చేయండి. ఒక చెయ్యి జేబులో పెట్టుకోండి. రెండో చేత్తో స్క్రూడ్రైవర్ కొనను ట్యూబు పక్కనున్న రబ్బరు టోపీ కిందికి జరపండి. ఒక్కోసారి 'టప్' మంటుంది, ఒక్కోసారి ఏ చప్పుడూ ఉండదు. కాసేపు ఆగి మళ్లీ చేయండి, ఎందుకంటే గాజులో మిగిలిన చార్జి నెమ్మదిగా తిరిగి పేరుకుంటుంది. 1950 ప్రాంతపు కొన్ని సెట్లలో ట్యూబు గరాటు భాగం లోహంతో ఉంటుంది, ఆ లోహమంతా హైవోల్టేజీ మీదే ఉంటుంది. అలాంటిది కనిపిస్తే అనుభవమున్నవాళ్లు పక్కన లేకుండా ముట్టుకోకండి.

చాలా టీవీల్లో ఛాసిస్ (భాగాలన్నీ బిగించిన లోహపు చట్రం) నేరుగా మెయిన్స్‌కి కలిసి ఉంటుంది. సెట్‌ని మెయిన్స్ నుంచి విడిగా ఉంచే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా విప్పిన సెట్‌ని ఆన్ చేయడం, దానికి వేరే పరికరాలు తగిలించడం చాలా రిస్కు. డబ్బు ఖర్చు చేయాలంటే ముందు దానిమీదే చేయండి.

రిపేరు పని నిజానికి తెలివి కన్నా ఓపిక అడుగుతుంది. ముందు ఆ మోడల్ సర్క్యూట్ డయాగ్రామ్ సంపాదించండి. ప్రతి వైపు నుంచీ ఫొటోలు తీసుకోండి. కాగితం, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ ఒక్కొక్కటిగా మార్చండి. ఒకటి తీసి, దాని చోట కొత్తది పెట్టి, టంకం పడ్డాకే రెండోదాని దగ్గరికి వెళ్లాలి. కార్బన్ రెసిస్టర్లు వయసుతో విలువ పెరుగుతాయి కాబట్టి వాటినీ కొలవాలి. కొందరు పాత కెపాసిటర్ డబ్బా ఖాళీ చేసి కొత్తది అందులో దాచిపెడతారు, లోపల కూడా అచ్చం పాతదిలా కనబడాలని. నాకు ఆ ఓపిక లేదు. వెనక అట్ట తీసి చూసేదెవరు?

అవన్నీ అయ్యేదాకా ప్లగ్ పెట్టొద్దు, పెట్టినా సిరీస్ బల్బుతోనే, అంటే కరెంటు ముందు ఒక బల్బు గుండా వెళ్లి టీవీకి చేరేలా. వాల్వ్ టీవీ 150, 200 వాట్లు లాగుతుంది కాబట్టి 100 వాట్లకు తగ్గని ఫిలమెంట్ బల్బు కావాలి. బల్బు ఒక్క వెలుగు వెలిగి తగ్గితే సరే. ఫుల్లుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, ఆపేయండి. అంతా బాగుంటే బల్బు తీసేసి ఆన్ చేయండి. వాల్వులు ఎర్రబడతాయి, ముందు స్పీకర్లో హమ్ వినిపిస్తుంది, తర్వాత సన్నటి కీచు శబ్దం. 625 లైన్ల సెట్లో అది 15,625 హెర్ట్జ్, చిన్నపిల్లలు గుర్తుపట్టినంతగా పెద్దవాళ్లు గుర్తుపట్టలేరు. ఆ తర్వాత స్క్రీన్ మీద వెలుగు. స్క్రీన్ మధ్యలో అడ్డంగా ఒకే గీత వస్తే వర్టికల్ సెక్షన్ పనిచేయట్లేదన్నమాట. వెంటనే బ్రైట్‌నెస్ తగ్గించండి, లేకపోతే ఆ గీత ఫాస్ఫర్‌ని (స్క్రీన్ లోపల వెలిగే పూత) కాల్చేసి శాశ్వతంగా అచ్చు వేసేస్తుంది.

గాల్లో అనలాగ్ సిగ్నల్ చాలా దేశాల్లో ఆగిపోయింది కాబట్టి బొమ్మ మనమే ఇవ్వాలి. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే డబ్బా ఒకటి, దాని తర్వాత ఆ బొమ్మను టీవీ ఛానల్ సిగ్నల్‌గా మార్చే ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్, ఈ రెండూ ఉంటే చాలు. బ్రిటన్‌లో 1936 నుంచి 1985 దాకా నడిచిన 405 లైన్ల పద్ధతి సెట్ దొరికితే మాత్రం అదనంగా బొమ్మను ఆ లైన్ల పద్ధతికి మార్చే స్టాండర్డ్స్ కన్వర్టర్ కావాలి. 4:3 స్క్రీన్ మీద వైడ్ బొమ్మ పెట్టి అటూ ఇటూ నొక్కేయకండి, చూడ్డానికి బాధగా ఉంటుంది.

క్యాబినెట్ విషయంలో ఒకే మాట: తక్కువ చేయండి. దుమ్ము దులిపి, తడిగుడ్డతో తుడిచి, మైనం పాలిష్ పట్టిస్తే చాలావరకు చెక్క మెరుపు తిరిగొస్తుంది. ఇసుక కాగితంతో వెనీర్ (పైన అతికించిన పలుచటి చెక్క పొర) అరగదీసి కొత్త వార్నిష్ కొట్టినవి దూరం నుంచే తెలిసిపోతాయి. లోపలిదంతా పీకి ఎల్‌సీడీ పెట్టేవాళ్లనైతే నేను క్షమించలేను, కనీసం ట్యూబు పాడైన సెట్‌కి చేయండయ్యా.

సేకరణ మొదలుపెట్టడానికి ట్రాన్సిస్టర్ పోర్టబుల్ సెట్ మంచిది. తేలిగ్గా ఉంటుంది, వేడెక్కదు, స్పేర్లు దొరుకుతాయి. 1960లో వచ్చిన సోనీ టీవీ8-301, హెల్మెట్ ఆకారంలో 1970 ప్రాంతంలో వచ్చిన జేవీసీ వీడియోస్ఫియర్, మార్కో జనూసో, రిచర్డ్ సాపర్ డిజైన్ చేసిన బ్రియోన్‌వేగా ఆల్గోల్ లాంటివి చూడ్డానికే కొనాలనిపిస్తాయి. తిరిగే స్క్రీన్ ఉన్న ఫిల్కో ప్రెడిక్టా అందరికీ మోజే, రిపేరు మాత్రం తలనొప్పి. 1954 నాటి ఆర్‌సీఏ సీటీ-100 కలర్ సెట్ జోలికి తొందరగా వెళ్లకండి, దాని 15 అంగుళాల ట్యూబు బాగున్నది దొరకడమే గగనం.

ఇంట్లో పెట్టేటప్పుడు బరువంతా స్క్రీన్ వైపే ఉంటుందని గుర్తుంచుకోండి. సన్నటి స్టాండ్ మీద పెడితే ముందుకి పడిపోతుంది. పిల్లలున్న ఇంట్లో వెనక నుంచి గోడకి పట్టీ కట్టండి. వెనకాల గాలి ఆడేంత జాగా వదలండి, ఎండ తగలనివ్వకండి. కలర్ సెట్ పక్కన పెద్ద స్పీకర్ పెట్టొద్దు, అయస్కాంతం వల్ల రంగులు మచ్చలు కడతాయి. అన్నీ పనిచేయాలనే పంతం పెట్టుకోకండి. ఒకటో రెండో వారానికోసారి కాసేపు ఆన్ చేసుకుని, మిగతావి చూసి మురిసిపోవచ్చు. నా దగ్గరున్నవాటిలో ప్లగ్గే పీకేసినవి కొన్ని ఉన్నాయి.

ప్రస్తుతానికి మీ సెట్ వెనక అట్ట మీదున్న మోడల్ నంబరు, ట్యూబు మీదున్న నంబరు రాసి పెట్టండి. ఆ రెండూ చెబితే ఏ ఛాసిస్సో, ట్యూబుకి బదులు ఏది సరిపోతుందో చూసి చెప్తాను.