సైకాలజీలో పీజీ, పీహెచ్‌డీ: ఖర్చు ఎక్కడ తగ్గుతుంది, డబ్బు ఎక్కడ వస్తుంది?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా, చీపురుపల్లి దగ్గర పల్లె. మా అమ్మాయి సైకాలజీ ఒక సబ్జెక్టుగా బీఏ పూర్తి చేసింది. 71 శాతం మార్కులు వచ్చాయి. పీజీ కూడా సైకాలజీలోనే చేసి, కుదిరితే పీహెచ్‌డీ దాకా వెళ్తానంటోంది. మేం బీసీ-డీ. రెండెకరాల సాగు, చిన్న కిరాణా కొట్టు. ఏడాదికి రెండు లక్షలు దాటదు. ఇంటర్ చదివే అబ్బాయి కూడా ఉన్నాడు. సైకాలజీకి స్కాలర్‌షిప్‌లు ఉంటాయా? దూరవిద్యలో చేయిస్తే ఖర్చు కలిసొస్తుందని ఒకరంటున్నారు. విదేశాల్లో నూరు శాతం స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం, ముందు నలభై వేలు కట్టండని ఇంకొకరు వెంటపడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ నలభై వేలు ఎవరికీ కట్టకండి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తుకు రూపాయి ఫీజు లేదు. విదేశీ ఫెలోషిప్‌ల సంగతి కింద చెబుతాను. అవి మధ్యవర్తులు ఇప్పించగలిగేవి కావు.

దూరవిద్య మాట కూడా ఇక్కడితో పక్కన పెట్టేయండి. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలోగానీ, ఆన్‌లైన్‌లోగానీ నడపకూడదని యూజీసీ అన్ని విశ్వవిద్యాలయాలకూ చెప్పింది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వచ్చే కోర్సులకు ఈ నిబంధన పెట్టారు. ఇంకా ఎవరైనా దూరవిద్యలో ఎమ్మెస్సీ సైకాలజీ సీటుందంటే డబ్బు కట్టే ముందు పదిసార్లు ఆలోచించండి. పైగా దూరవిద్యకు ఫీజు రీయింబర్స్‌మెంటూ ఉండదు.

ఇక అసలు విషయం. సైకాలజీలో పీజీ స్థాయిలో దొరికే స్కాలర్‌షిప్ డబ్బు తక్కువ, పీహెచ్‌డీ స్థాయిలో గట్టిగా ఉంటుంది. చాలామంది తల్లిదండ్రులు దీన్ని తలకిందులుగా చేస్తారు. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలో లక్షలు పోసి పీజీ చేయించి, తర్వాత స్కాలర్‌షిప్ కోసం వెతుకుతారు. మీరు పీజీ సీటు అతి తక్కువ ఫీజున్న చోట సంపాదించండి. ఆ రెండేళ్లూ అమ్మాయి యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలనెలా డబ్బిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కొట్టే దిశగా చదవాలి. డబ్బు లెక్కంతా ఈ రెండింటి మీదే నిలబడుతుంది.

మీకు అందుబాటులో ఉన్నది విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీ. అక్కడి సైకాలజీ, పారాసైకాలజీ శాఖకు 1967లో కె. రామకృష్ణారావు గారు పునాది వేశారు. మన రాష్ట్రంలో ఈ సబ్జెక్టుకు అది పాత చిరునామా. సీటు ఏపీ పీజీసెట్ రాసి, కౌన్సెలింగ్‌లో తీసుకోవాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. మేనేజ్‌మెంట్ సీటుకు, చివర్లో స్పాట్ అడ్మిషన్‌లో తీసుకున్న సీటుకు ఉండదు. మొదటి విడతలో నచ్చిన కాలేజీ రాలేదని కౌన్సెలింగ్ వదిలేసి స్పాట్‌లో చేరితే, అదే క్లాసులో అదే బెంచీ మీద కూర్చుని ఫీజు మాత్రం చేతి నుంచి కట్టుకోవాల్సి వస్తుంది.

ఈ రీయింబర్స్‌మెంట్ పథకం పేరు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చింది. దరఖాస్తు జ్ఞానభూమి పోర్టల్‌లో కాలేజీ ద్వారా వెళ్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలి కాబట్టి మీరు అర్హులే. హాజరు 75 శాతం తగ్గకూడదు. చీపురుపల్లి నుంచి రోజూ రైల్లో వెళ్లి రావచ్చు కదా అనిపిస్తుంది. కానీ బండి ఆలస్యమైన ప్రతిసారీ మొదటి పీరియడ్ పోతుంది, ఏడాది చివర్లో హాజరు శాతం మీదికి వస్తుంది. హాస్టల్లో చేర్చడమే మంచిది. ప్రైవేటు కాలేజీల పీజీ సీట్ల విషయంలో ఇంకో జాగ్రత్త. 2020లో ఇచ్చిన జీవో 77 వాటిని రీయింబర్స్‌మెంట్ నుంచి తప్పించింది. ‘మా దగ్గర రీయింబర్స్‌మెంట్ వస్తుంది’ అని ఏ ప్రైవేటు కాలేజీ అన్నా, ఆ ఏడాదికి వర్తించే ఉత్తర్వు కాపీ చూపించమని అడగండి. నోటి మాట మీద చేరవద్దు.

రెండో దారి కేంద్రీయ విశ్వవిద్యాలయాలు. హైదరాబాద్‌లో హెల్త్ సైకాలజీ, పాండిచ్చేరిలో అప్లైడ్ సైకాలజీ, ఢిల్లీలో సైకాలజీ శాఖలున్నాయి. వాటి ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ-పీజీ రాయాలి. 75 ప్రశ్నలుంటాయి, తప్పు జవాబుకు ఒక మార్కు కోత పడుతుంది. ఫీజులు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. ఏ యూనివర్సిటీ సైకాలజీ డిగ్రీనే అడుగుతుందో, ఏది ఏ డిగ్రీకైనా సీటిస్తుందో బులెటిన్‌లో చూసి దరఖాస్తు చేయించండి. మీ అమ్మాయికి సైకాలజీ మూడింటిలో ఒక సబ్జెక్టే కాబట్టి ఇది ముఖ్యం. రాష్ట్రం దాటితే బీసీలు మన రాష్ట్ర రీయింబర్స్‌మెంట్‌ను లెక్కలో వేసుకోకుండా బడ్జెట్ కట్టుకోవాలి. డబ్బు తక్కువ పడితే పీఎం విద్యాలక్ష్మి రుణం ఉంది. జాబితాలోని సంస్థల్లో సీటొస్తే తాకట్టు అడగరు. ఆదాయం ఎనిమిది లక్షల లోపు కుటుంబాలకు పది లక్షల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు.

ఎక్కడ చేరినా యూజీసీ ఇచ్చే పీజీ నేషనల్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయించండి. నెలకు 15,000 రూపాయల చొప్పున ఏడాదికి పది నెలలు, అంటే లక్షన్నర వస్తుంది. దేశం మొత్తానికి పదివేలు ఉన్నాయి, అందులో 30 శాతం అమ్మాయిలకు. ఎంపిక డిగ్రీ మార్కుల మీదే. పీజీ మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చేయాలి, రెండో ఏడాదిలో గుర్తొస్తే లాభం లేదు. 71 శాతంతో తప్పకుండా వస్తుందని చెప్పలేను కాబట్టి, దీన్ని నమ్ముకుని ఖరీదైన సీటు తీసుకోవద్దు. రాష్ట్రం ఇచ్చేది, ఇది రెండూ వచ్చే పరిస్థితి ఏర్పడితే, రెండూ కలిపి తీసుకోవచ్చో లేదో కాలేజీలో స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసే నోడల్ అధికారిని అడిగి ఒకటి ఎంచుకోండి.

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తులు ఎక్కువగా తిరిగొచ్చేది మార్కుల వల్ల కాదు, కాగితాల వల్ల. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది. ముందు దాన్ని సరిచేయించండి. బ్యాంకు ఖాతా అమ్మాయి పేరు మీదే ఉండాలి. ఆధార్ ‘లింకు’ అయితే సరిపోదు, సీడింగ్ కావాలి, అంటే చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ దగ్గర ఆధార్‌కు ఆ ఖాతా నమోదై ఉండాలి. సీడింగ్ ఏ ఖాతాకు ఉందో డబ్బు ఆ ఖాతాకే వెళ్తుంది. పాత జీరో బ్యాలెన్స్ ఖాతాకు సీడింగ్ ఉండిపోతే, కొత్త ఖాతా పాస్‌బుక్ పట్టుకుని ఎంత ఎదురుచూసినా రాదు. బ్యాంకుకు వెళ్లి ‘ఎన్‌పీసీఐ సీడింగ్ ఏ ఖాతాకు ఉంది’ అని ఈ మాటతోనే అడగండి. వన్ టైమ్ రిజిస్ట్రేషన్, ఫేస్ అథెంటికేషన్ ముందే ముగించుకోండి. దరఖాస్తు పంపాక కాలేజీ నోడల్ అధికారి ఆన్‌లైన్‌లో వెరిఫై చేస్తేనే అది ముందుకు కదులుతుంది. ఆయన లాగిన్‌లో ఆగిపోయిన దరఖాస్తు గడువు దాటగానే చచ్చిపోతుంది. అందుకే వారానికోసారి స్టేటస్ చూడాలి. ‘డిఫెక్టివ్’ అని కనిపిస్తే కారణం చదివి, గడువులోపు సరిచేసి మళ్లీ పంపాలి.

కులధ్రువీకరణ విషయంలో ఉత్తరాంధ్ర వాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఒకటుంది. రాష్ట్ర బీసీ-డీ సర్టిఫికెట్ వేరు, కేంద్రం అడిగే ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరు. సీయూఈటీకి, నెట్‌కు రెండోదే కావాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉంటుందనుకోవద్దు. కొన్నింటికి ఫలానా జిల్లాలకే అన్న షరతులూ ఉంటాయి. జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో ఆంధ్రప్రదేశ్ జాబితా తెరిచి, మీ కులం పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఉంటే గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టి ఆ సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోండి. లేకపోతే నెట్ ఫారంలో ఓబీసీ అని టిక్ పెట్టనివ్వకండి. తర్వాత సర్టిఫికెట్ చూపించలేక వచ్చిన ఫెలోషిప్ పోగొట్టుకోవడం కన్నా జనరల్‌లో రాయడం మేలు.

ఇప్పుడు నెట్ గురించి. పీజీ చివరి ఏడాదిలో ఉండగానే రాయొచ్చు, ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. మొదటి పేపర్‌లో 50, రెండో పేపర్‌లో 100 ప్రశ్నలు, కలిపి 300 మార్కులు, మూడు గంటలు. తప్పుకు కోత లేదు కాబట్టి ఏ ప్రశ్నా వదలకూడదు. సైకాలజీ కోడ్ 04. జేఆర్‌ఎఫ్‌కు వయసు 30 దాటకూడదు, అమ్మాయిలకు ఐదేళ్ల సడలింపు ఉంది. జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. ఐదేళ్లకు లెక్కేస్తే 24 లక్షలు. సైకాలజీకి దేశంలో ఇంతకన్నా పెద్ద ఆసరా లేదు. 2024 జూన్ నుంచి నెట్ ఫలితం మూడు రకాలుగా ఇస్తున్నారు: జేఆర్‌ఎఫ్, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత. ఈ ఫెలోషిప్ డబ్బు మొదటి రకానికే. మిగతా రెండూ సీటుకు పనికొస్తాయి, ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది.

ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియంలో చదివిన పిల్ల అయితే పీజీ మొదటి రోజు నుంచే పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషులో చదవడం అలవాటు చేసుకోవాలి. సిలబస్ పది యూనిట్లు. బీఏ పిల్లలు జారిపోయేది రెండో, మూడో యూనిట్లలో: పరిశోధన పద్ధతులు, స్టాటిస్టిక్స్, మానసిక పరీక్షలు. కోరిలేషన్, అనోవా, ఫ్యాక్టర్ ఎనాలిసిస్, రిలయబిలిటీ, వాలిడిటీ అన్న మాటలు బట్టీ పడితే ప్రశ్న కొంచెం తిప్పి అడగ్గానే చేతులెత్తేస్తారు. చిన్న డేటా తీసుకుని కాగితం మీద లెక్క చేసి చూస్తేనే పట్టుబడతాయి. మొదటి పేపర్‌ను తేలిగ్గా తీసుకునేవాళ్లు కూడా జేఆర్‌ఎఫ్ గీతకు నాలుగైదు మార్కుల దూరంలో ఆగిపోతుంటారు.

జేఆర్‌ఎఫ్ తప్పినా అన్ని తలుపులూ మూసుకోవు. ఓబీసీలకు నేషనల్ ఫెలోషిప్ ఏడాదికి వెయ్యి ఉన్నాయి, అవి నెట్ జాబితా నుంచే ఇస్తారు. అప్పటికే పీహెచ్‌డీలో రిజిస్టరైన వాళ్లకు ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) డాక్టోరల్ ఫెలోషిప్ నెలకు 20,000 రూపాయలిస్తుంది, సైకాలజీ కూడా ఆ మండలి పరిధిలోదే. సావిత్రీబాయి జ్యోతిరావు ఫూలే ఫెలోషిప్ మాత్రం మీకు వర్తించదు. అది తల్లిదండ్రులకు ఏకైక సంతానమైన అమ్మాయిలకు. ‘ఒక్కతే కూతురు’ అంటే సరిపోదు, తోడబుట్టిన అబ్బాయి ఉన్నా కుదరదు.

అమ్మాయి క్లినికల్ సైకాలజిస్టు కావాలనుకుంటే దారి కొంచెం వేరు. అందుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి, అక్కడ రిజిస్టర్ కావాలి. ఉత్త ఎమ్మెస్సీ సైకాలజీతో ఆ బోర్డు పెట్టుకోకూడదు. ఇప్పటిదాకా ఎక్కువమంది వెళ్లింది ఎం.ఫిల్ దారిలో, బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట్ల స్టైపెండ్ కూడా ఇచ్చారు. క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్‌కు యూజీసీ 2025-26 విద్యా సంవత్సరం వరకే గడువిచ్చింది. కౌన్సిల్ కొత్తగా ఎంఏ క్లినికల్ సైకాలజీ కోర్సులు తెచ్చింది. చేరే సంస్థ పేరు, కోర్సు పేరు రెండూ ఆ ఏడాది కౌన్సిల్ జాబితాలో కనిపిస్తేనే ఫీజు కట్టండి.

విదేశాల మాట. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ జాబితాలో సైకాలజీ లేదు. ఉన్న సబ్జెక్టులకైనా మూడేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతారు. బ్రిటన్ ఇచ్చే చీవెనింగ్‌కు ఏ సబ్జెక్టైనా పర్వాలేదు కానీ రెండేళ్ల అనుభవం కావాలి. కేంద్రం ఇచ్చే 125 నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లు ప్రధానంగా ఎస్సీ విద్యార్థులవి, బీసీలకు కాదు. అమెరికాలో మాస్టర్స్‌కు నిధులు అరుదు. పరిశోధన పీహెచ్‌డీకి మాత్రం చాలా చోట్ల ఫీజు మాఫీ చేసి జీతం లాంటి స్టైపెండ్ ఇస్తారు. దానికి పరిశోధన అనుభవం, మంచి సిఫారసు లేఖలు కావాలి. అవి ఇక్కడ పీజీలో చేసే డిసర్టేషన్ నుంచే మొదలవుతాయి. అందువల్ల డిగ్రీ అవగానే నూరు శాతం స్కాలర్‌షిప్ అనే మాట మీ అమ్మాయి విషయంలో నిలవదు.

మీ ఊళ్లో సవర, జాతాపు పిల్లలెవరైనా ఇదే చదువుకు వెళ్తుంటే వాళ్లకు చెప్పండి: ఎస్టీ విద్యార్థుల పీహెచ్‌డీకి గిరిజన వ్యవహారాల శాఖ ఏడాదికి 750 నేషనల్ ఫెలోషిప్‌లు ఇస్తోంది. కాగితాల సాయానికి సీతంపేట, పార్వతీపురంలో ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయాలున్నాయి. మీరు మాత్రం ఈ వారంలోనే ఆదాయ ధ్రువపత్రానికి సచివాలయంలో దరఖాస్తు పెట్టి, అక్కడి నుంచి బ్యాంకుకు వెళ్లి సీడింగ్ సంగతి తేల్చుకోండి.