పుస్తకాలు ఏరబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, కథ, పుస్తకాల జాబితా మూడూ అందాయి. కందుకూరు దగ్గర మీ ఊరి బడికి పూర్వ విద్యార్థులు పదిహేను వేలు పోగుచేశారనీ, పుస్తకాలు ఎంచే పని నీ నెత్తిన పెట్టారనీ రాశావు. కథలు రాసుకుందామనుకుంటే ఈ పని వచ్చి పడిందని దిగులు పడ్డట్టున్నావు. దిగులెందుకమ్మా? పిల్లలకు రాయాలనుకునేవాళ్ళు ముందు ఏడాదిపాటు పిల్లలకు పుస్తకాలు ఏరి ఇస్తే, రాయడంలో సగం అక్కడే వచ్చేస్తుంది.

నీ జాబితాలో అరవై పుస్తకాలున్నాయి. నలభైకి పైగా పేర్లలో 'నీతి' అనే మాట ఉంది. ముందు దాని గురించే చెప్పాలి.

చాలా ఏళ్ళ కిందట సూళ్ళూరుపేట వైపు ఒక బడిలో కథ చదివి వినిపించాను. ఒక అబ్బాయికి దారిలో పర్సు దొరుకుతుంది. వెతుక్కుంటూ వెళ్ళి ఇచ్చేస్తాడు. పర్సు గలాయన మెచ్చుకుని వంద రూపాయలిస్తాడు. నిజాయితీగా ఉంటే మేలు జరుగుతుందని చివర నీతి. చదవడం అయిపోగానే వెనక వరసలోంచి ఒక పిల్లవాడు లేచి, "సార్, ఆయన డబ్బులీకుంటే?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. కథలో ఉన్నదంతా బేరమేనని వాడికి అర్థమైంది, నాకు అర్థం కాలేదు. తర్వాత పలకల మీద బొమ్మ వెయ్యమంటే దాదాపు అందరూ వంద నోటే వేశారు.

అదే బడిలో, ఆ రోజు మధ్యాహ్నమే, పుస్తకం పక్కన పెట్టి నేలపట్టు గురించి చెప్పాను. వాళ్ళకు తెలిసిన ఊరే. చలికాలానికి గూడబాతులు (పెలికన్ పక్షులు) ఎక్కడెక్కడినుంచో వచ్చి చెరువులోని చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. పులికాట్ సరస్సుకు పోయి చేపలు పట్టి తెచ్చి పిల్లలకు పెడతాయి. అది పక్షుల రక్షిత కేంద్రం అయింది 1976లో. అంతకుముందు నుంచీ ఊరివాళ్ళు వాటి జోలికి పోరు. రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పారితే వరి బాగా పండుతుందని వాళ్ళ నమ్మకం. అంతే చెప్పాను, నీతి ఏమీ చెప్పలేదు. ఆ పిల్లలు అరగంట వదల్లేదు. గూట్లోంచి పిల్ల జారి నీళ్ళలో పడితే ఎవరు తీస్తారు? పక్షులు రాని ఏడాది ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటారు? ఒక పాప పలక మీద చెట్టు వేసి, కొమ్మకొమ్మకూ గూడు పెట్టి, కింద తనను తాను గొడుగు పట్టుకుని నిలబెట్టుకుంది. గొడుగెందుకంటే, "రెట్ట మీద పడతాది గదా సార్" అంది. రెట్ట పడుతుందని తెలిసీ చెట్టు కిందే నిలబడింది చూడు. మన కథలు పిల్లల్ని అక్కడ నిలబెట్టాలి.

ఇదేమీ కొత్త సంగతి కాదు. మనవాళ్ళకు పాతకాలం నుంచే తెలుసు. చందమామలో నెలనెలా వచ్చిన బేతాళ కథలు మీ నాన్నగారి వయసు వాళ్ళనడుగు. కథంతా చెప్పి బేతాళుడు నీతి చెప్పడు, ప్రశ్న వేస్తాడు. ముగ్గురిలో ఎవరిది గొప్ప త్యాగం, ఎవరిది తప్పు అని. విక్రమార్కుడు జవాబు చెప్పేలోపు చదివేవాడు తన జవాబు తను చెప్పుకుంటాడు. ధర్మం గురించి పదేళ్ళవాడు సొంతంగా ఆలోచించేది ఆ రెండు నిమిషాలే. అందుకని పుస్తకం కొనేముందు చివరి పేజీ వేలితో మూసిపెట్టి చదువు. అక్కడిదాకా వచ్చాక నీకు ఏదైనా అడగబుద్ధి అయితే కొను. ఏమవుతుందో మూడో పేజీలోనే తెలిసిపోతే పక్కన పెట్టు.

ఇంకొకటి, ఇది నా తప్పు. కుర్రతనంలో ఒక కథ రాశాను. అందులో సవతి తల్లి పిల్లకు అన్నం పెట్టదు. అలవాటుగా వచ్చేసింది, ఆలోచించి రాసింది కాదు. ఒక బడిలో అది చదివినరోజు అందరూ వెళ్ళిపోయాక ఒక పాప ఉండిపోయింది. "మా పిన్ని అట్లా కాదు సార్, నాకు జడలేస్తది" అని చెప్పి పోయింది. ఆ కథ మళ్ళీ ఎక్కడా చదవలేదు, అచ్చుకు ఇవ్వలేదు. నువ్వు ఏరే పుస్తకాల్లో చెడ్డవాడు ఎప్పుడూ నల్లగానే ఉన్నాడా, లావుపాటి పిల్లవాడు నవ్వులపాలు కావడానికే ఉన్నాడా, అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చిందా అని చూడు. బొమ్మలు మరీ జాగ్రత్తగా చూడాలి. మాటకంటే ముందు వాళ్ళకు చేరేది బొమ్మే.

భాష సంగతి. ఇప్పుడు అనువాదాలు చాలా వస్తున్నాయి, మంచివీ ఉన్నాయి. కానీ కొన్నిట్లో అమ్మ కొడుకుతో "నిన్ను చూసి గర్విస్తున్నాను" అంటుంది. మన వైపు ఏ అమ్మ అలా అంటుంది? "మా నాయనే" అని దగ్గరికి లాక్కుంటుంది. ఒక పేజీ పైకి చదివి చూస్తే చాలు, ఎక్కడ నాలుక తడబడితే అక్కడ పిల్లవాడూ ఆగిపోతాడు. చిన్న తరగతులకు అమ్మ, అక్క, పిల్లి లాంటి ద్విత్వాలు ఇబ్బంది కాదు, అవి వాళ్ళ నోట్లో ఉన్న మాటలే. సంయుక్తాక్షరాలు వరసగా వస్తేనే కష్టం. అచ్చు కూడా చూసుకో. మన లిపిలో పైన గుడి, కింద వత్తు, వత్తు కింద ఇంకో వత్తు. పేజీలో 'రాష్ట్రం' లాంటి మాట ఒకటి వెతికి, దాని వత్తులు కింది వరసకు తగులుతున్నాయేమో చూడు. తగిలితే రెండో తరగతి పిల్లలకు ఆ పుస్తకం ఇవ్వొద్దు, ఎంత మంచి కథైనా సరే.

డబ్బు గురించి టెన్షన్ పడకు. నేషనల్ బుక్ ట్రస్ట్, చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్, మన తెలుగు ప్రచురణ సంస్థ 'మంచి పుస్తకం' వాళ్ళవి తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఊరికే చదవొచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. ముందు పది తెచ్చి పిల్లల మధ్య పడెయ్. నెలయ్యాక ఏది అంచులు నలిగిందో చూసి, మిగతా డబ్బు ఆ దారిలో ఖర్చు పెట్టు. బీరువాకు తాళం మాత్రం వెయ్యనివ్వకు. చిరిగిపోతాయని హెడ్‌మాస్టరుగారు భయపడితే, చిరిగినవి నేను కొనిస్తానని చెప్పు.

ఇక నీ కథ. చీమకుర్తి గ్రానైట్ క్వారీ దగ్గర లారీ డ్రైవరు కూతురు, నాన్న తెచ్చిన రాతిముక్కలో నక్షత్రాలు చూడటం బాగుంది. తడిపితే మెరుస్తుందని ఆ పిల్ల నోటితో ఊది, గౌను అంచుతో తుడిచేచోట రెండుసార్లు ఆగి చదివాను. దాన్ని తమ్ముడికి ఇచ్చేస్తుంది, అదీ బాగుంది. ఆ తర్వాత నాలుగు వరసల్లో పంచుకోవడంలో ఉన్న ఆనందం గురించి టీచరమ్మ చెబుతుంది. సోమవారం నీ బడిలో కథ చదువు. తమ్ముడి చేతిలో రాయి పెట్టిన దగ్గరే కాగితం మడిచెయ్యి. పిల్లలు ఏమన్నారో, వాళ్ళ మాటల్లోనే, నాకు రాయి.