పాత ట్రాక్టర్ల పంచాయితీ: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో నా 1949 ఫార్మాల్ ఎం ట్రాక్టర్ ఫోటో వేసినప్పటి నుంచి ఉత్తరాలు ఆగడం లేదు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి ఈ పాత ఇనుముతో ఏం పని అని కొందరు, నాకూ ఒకటి కొనాలనుందని కొందరు. ఒహైయోలో తొమ్మిదేళ్లుగా ఈ పిచ్చిలో ఉన్నాను కాబట్టి తెలిసినంత వరకు చెబుతాను.

ట్రాక్టర్ పుల్లింగ్ అంటే మన ఎడ్ల బండలాగుడు లాంటిదేనా? యూట్యూబ్‌లో చూస్తే మంటలూ నల్లపొగా తప్ప ఏమీ అర్థం కాలేదు. — డేటన్ నుంచి ఒక పాఠకుడు

మీరు చూసిన మంటలు పెద్ద క్లాసులవి. ఇక్కడి బౌలింగ్ గ్రీన్‌లో 1967 నుంచి జాతీయ పోటీలు జరుగుతున్నాయి. నాలుగేసి ఇంజన్లు బిగించిన రాక్షసులు కూడా వస్తాయి అక్కడికి. చెవుల్లో దూది పెట్టుకుని చూసి రావడం వరకే నా వంతు. నేను పోటీకి దిగేది కౌంటీ ఫెయిర్లలో, యాంటిక్ క్లాసులో. అక్కడ బండి ఒకప్పుడు పొలంలో ఎలా ఉండేదో దాదాపు అలాగే ఉండాలి. మనిషి నడక కంటే జోరుగా పోతే జెండా ఊపి ఆపేసే చోట్లు కూడా ఉన్నాయి.

బండలాగుడుతో మీ పోలిక బాగుంది. ఎడ్లకు నోరు తెరిచి రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు చేస్తారు కదా. ఇక్కడ ట్రాక్టర్‌ను డ్రైవరుతో సహా కాటా ఎక్కించి పౌండ్ల లెక్కన క్లాసులు కడతారు. తేడా అంతా బండలో ఉంది. మన బండ ఎంత దూరం లాగినా అదే బరువు. ఇక్కడి స్లెడ్ అలా కాదు. అదొక పొడవాటి ఇనుప బండి. వెనక చక్రాలుంటాయి, ముందు భాగం నేలకు రాసుకునే పెద్ద రేకు. మొదట్లో బరువుల పెట్టె వెనక చక్రాల మీద ఉంటుంది కాబట్టి హాయిగా కదులుతుంది. పోయేకొద్దీ ఆ పెట్టె గొలుసుల మీద ముందుకు జరిగి రేకు మీదికి వస్తుంది, రేకు మట్టిని కరుస్తుంది. 300 అడుగులు లాగేస్తే ‘ఫుల్ పుల్’ అంటారు. చాలామందికి ఆ లోపే ఇంజన్ గొంతు పూడుకుపోతుంది, లేకపోతే చక్రాలు ఉన్నచోటే గుంట తవ్వుకుంటాయి. ఈ యంత్రం రాకముందు దారి పొడవునా మనుషులు నిలబడి, స్లెడ్ తమ ముందుకు రాగానే ఒక్కొక్కరుగా ఎక్కేవారు. కదిలే బండి ఎక్కడం మనకేం కొత్త కాదు గానీ, పక్కనే గొలుసు తెగితే ఏమవుతుందో తలుచుకుంటే ఆ రోజులు పోవడమే మంచిదైంది.

అన్నా, మా ఇంటికి 90 మైళ్ల దూరంలో ఒక ఫార్మాల్ ఎం అమ్మకానికి ఉంది. పికప్ నాదే, ట్రైలర్ అద్దెకు తీసుకుంటాను. ఒక్కడినే వెళ్లి తెచ్చుకోగలనా? — ఫోర్ట్ వేన్ నుంచి

బండి మంచిదే చూశావు తమ్ముడూ. 1939 నుంచి 1952 వరకు రెండున్నర లక్షలకు పైగా తయారయ్యాయి, పార్టులకు వెతుక్కునే పని లేదు. కానీ ఒక్కడివే వెళ్లకు.

ఫార్మాల్ ఎం బరువు సుమారు 5,000 పౌండ్లు. ట్రైలర్ ఇంకో 2,500 వేసుకో. మొత్తం 7,500లో పది నుంచి పదిహేను శాతం, అంటే 750 నుంచి 1,125 పౌండ్లు, పికప్ హిచ్ మీద, అంటే వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం మీద, పడాలి. దీన్ని టంగ్ వెయిట్ అంటారు. నీ పికప్, హిచ్ ఆ బరువు మోస్తాయో లేదో డోర్ స్టిక్కర్ మీదా హిచ్ మీదా రాసి ఉంటుంది, ముందు అది చదువు. నా మొదటి ట్రాక్టర్ తెచ్చుకున్న రోజు ఇవేవీ నాకు తెలియవు. ట్రాక్టర్ ముక్కు పికప్ వెనక తలుపుకి ఎక్కడ తగులుతుందోనని భయపడి, ట్రైలర్ మీద దాన్ని రెండడుగులు వెనక్కే ఆపేశాను. ఊళ్లో బాగానే నడిచింది. హైవే ఎక్కి వేగం 55 మైళ్లు దాటగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. అద్దంలో ఎర్ర బానెట్ ఒకసారి ఎడమ పక్క కనిపిస్తుంది, ఒకసారి కుడి పక్క, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువగా. నా కాలు బ్రేకు మీదికి పోయింది. ఆ సమయంలో చేయకూడని పని అదే. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, ట్రైలర్ బ్రేకు మాత్రమే చేత్తో నొక్కాలి. ఆ రోజు దారి చూపిస్తానని నా పక్కన కూర్చున్న పెద్దాయన, ట్రాక్టర్ అమ్మినాయనే, ఒక్క మాట మాట్లాడకుండా చెయ్యి చాచి డాష్‌బోర్డు కింద ఉన్న ట్రైలర్ బ్రేకు కంట్రోలర్ లివర్ నొక్కాడు. రైలు బోగీ వెనక్కి లాగినట్టు ట్రైలర్ సాగి, దారికొచ్చింది. తర్వాతి ఎగ్జిట్‌లో ఆగి ట్రాక్టర్‌ను రెండడుగులు ముందుకు జరిపాం. అక్కడి నుంచి ఇంటి దాకా గీత గీసినట్టు వచ్చింది. ఒక్కడివే వెళ్లకు అన్నది అందుకే.

ఎక్కించేటప్పుడు ట్రైలర్‌ను పికప్‌కి తగిలించే ఉంచు. ట్రాక్టర్ బరువులో ఎక్కువ భాగం వెనక చక్రాల మీదే ఉంటుంది. అవి ర్యాంపు మీదికి రాగానే ట్రైలర్ వెనక కుంగి, ముందు లేచి, పికప్‌ను కూడా వెనక నుంచి పైకెత్తుతుంది. కాబట్టి ట్రైలర్ వెనక అంచు కింద దుంగలో స్టాండులో పెట్టాలి. మొదటి గేరులో, మెల్లగా, మధ్యలో క్లచ్ తొక్కకుండా ఎక్కించు. డెబ్బై ఏళ్ల బ్రేకులను నమ్ముకుని ర్యాంపు మధ్యలో క్లచ్ తొక్కావంటే ఎక్కినదాని కంటే వేగంగా దిగుతావు. ర్యాంపు మరీ నిటారుగా ఉంటే పంతానికి పోకుండా వించ్‌తో లాగించు.

గొలుసులు నాలుగు కావాలి, గ్రేడ్ 70వి, 3/8 అంగుళాలవి. ఒక్కోటి 6,600 పౌండ్ల పని భారానికి తగ్గట్టు చేసినవి. రెండు ట్రాక్టర్‌ను ముందుకు లాగాలి, రెండు వెనక్కి లాగాలి. ఫెండర్లకూ రేకులకూ తగిలించకు. బిగించడానికి రాచెట్ బైండర్లు కొనుక్కో. లివర్ రకం ఒకసారి విప్పుతుంటే ఎగిరి నా ముంజేతికి తగిలింది. మూడు వారాలు పొడుగు చేతుల చొక్కాలే వేసుకుని ఆఫీసుకి వెళ్లాను. ఇంకో మాట: పది మైళ్లు పోయాక ఆగి గొలుసులు చూడు. టైర్లు సర్దుకుంటాయి, ఒకటైనా వదులవుతుంది. నాకు ఇప్పటికీ అవుతూనే ఉంటుంది.

పాత ట్రాక్టర్లను ట్రైలర్ మీద తీసుకుపోతుంటే పొగగొట్టం మీద టొమాటో డబ్బా బోర్లించి ఉంటుంది. దిష్టి తగలకుండానా? — టొలీడో నుంచి

నవ్వొచ్చింది గానీ, ప్రశ్న మంచిదే. పొగగొట్టం నిటారుగా, నోరు తెరుచుకుని ఉంటుంది. ఇంజన్ ఆగినప్పుడు ఏదో ఒక సిలిండర్‌లో ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి ఉండే అవకాశం ఎక్కువ. దారిలో వాన కురిస్తే నీళ్లు నేరుగా అందులోకి దిగి, కొన్నాళ్లకు పిస్టన్ పట్టేస్తుంది. ఆ తర్వాత వచ్చిన టర్బో ట్రాక్టర్లకైతే (ఇంజన్‌లోకి గాలి నెట్టే చిన్న ఫ్యాను ఉన్నవి) ఇంకో గొడవ: ఇంజన్ ఆగి ఉన్నా దారిలో గాలికి టర్బో తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ మాత్రం అందదు. డబ్బా తీయడం మరిచిపోయి స్టార్ట్ చేస్తే ‘టప్’మని ఎగిరి చుట్టూ ఉన్నవాళ్లందరూ చప్పట్లు కొడతారు. నాకు రెండుసార్లు కొట్టారు.

బాబూ, మనవరాలిని చూడ్డానికి వచ్చాను. మా అల్లుడు గ్యారేజీలోంచి కారు తీసేసి పాత జాన్ డీర్ ట్రాక్టర్ పెట్టాడు. పోటీలో దాని ముందు చక్రాలు గాల్లోకి లేచిన వీడియో చూపించి నవ్వుతున్నాడు. నాకు ఒకటే టెన్షన్. వెనక్కి తిరగబడదా? — ఒక అమ్మమ్మ

అమ్మా, మీ భయం ఊరికే వచ్చింది కాదు. పాత ట్రాక్టర్లు వెనక్కి తిరగబడతాయి. వాటికి డ్రైవరు తల మీద కమ్మీల రక్షణ కూడా ఉండదు. అందుకే నియమాలన్నీ ఆ ఒక్క ప్రమాదం చుట్టూ అల్లుకుని ఉంటాయి.

గొలుసు ఎక్కడ తగిలించారన్నదే అసలు సంగతి. వెనక డ్రాబార్, అంటే గొలుసు తగిలించే ఇనుప కడ్డీ, కిందుగా ఉంటే, ముందు చక్రాలు లేచేకొద్దీ ఆ డ్రాబార్ ఇంకా కిందికి దిగుతుంది, పైకెత్తే బలం దానంతట అదే తగ్గుతుంది. ఇరుసుకు పైన, సీటు దగ్గరెక్కడో తగిలిస్తే ఈ దయ ఉండదు, ఆలోచించేలోపే అయిపోతుంది. చాలా చోట్ల డ్రాబార్ ఎత్తు 20 అంగుళాలు మించకూడదంటారు. ఎత్తు పెరిగితే వెనక చక్రాలకు పట్టు ఎక్కువ దొరుకుతుంది కాబట్టి అందరికీ ఆ ఇరవయ్యో గీత మీదే కన్ను. కొలిచే పెద్దమనిషి మోకాళ్ల మీద కూర్చుని, టేపు నేలకు ఆనించి, కళ్లద్దాలు సర్దుకుని మరీ చూస్తాడు. టైర్లలో గాలి తగ్గించి కొలిపించుకుని, తర్వాత ఎక్కించుకునే మహానుభావులూ లేకపోలేదు.

మీరు అల్లుడిగారిని మూడే అడగండి: డ్రాబార్ ఎంత ఎత్తులో ఉంది, ముక్కు మీద బరువులు వేశాడా, ఇంజన్ ఆపే కిల్ స్విచ్ పనిచేస్తోందా. ఏ మోడలో మీరు రాయలేదు. ‘ఏ’, ‘బీ’ లాంటి రెండు సిలిండర్లదైతే దాని క్లచ్ చేతి లివర్. ముందుకు తోస్తే బండి పట్టుకుంటుంది, వెనక్కి లాగితే వదిలేస్తుంది. ముక్కు లేచి మనిషి వెనక్కి వాలినప్పుడు చెయ్యి లివర్ మీదే ఉంటే క్లచ్ కూడా దాంతో వదిలిపోతుంది. చెయ్యి అక్కడి నుంచి తీయొద్దని చెప్పండి. రెండో చేత్తో మీకు టాటా చెప్పడం కూడా ఆ నిమిషంలో వద్దు.

ఇంతా చేసి గెలిస్తే ఏమిస్తారు? — సిన్సినాటి నుంచి

రిబ్బన్. పోయిన ఏడాది నాకు రెండో స్థానం వచ్చింది, 271 అడుగులు. ఎంట్రీ ఫీజు 20 డాలర్లు, పికప్‌కి పెట్రోలు 68, ఒక టైరు పంక్చరు 25, తిండి 31 అని మా ఆవిడ ఒక కాగితం మీద లెక్క రాసి, రిబ్బన్‌ను దానికే పిన్ను గుచ్చి ఫ్రిజ్ మీద పెట్టింది. తీయనివ్వడం లేదు.