పన్నెండు మందికి వంట, ఇద్దరి మధ్య తగువు

ప్రశ్న: మాది విశాఖపట్నం, మర్రిపాలెం. నాకు 36 ఏళ్ళు. ప్రతి శనివారం రాత్రి నా కాలేజీ మిత్రులు కుటుంబాలతో మా ఇంటికి భోజనానికి వస్తారు. పిల్లలిద్దరితో కలిపి 12 మంది అవుతాం. వాళ్ళలో ఇద్దరు శాకాహారులు. మూడేళ్ళుగా సాగుతున్న అలవాటు ఇది. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. శనివారం ఒంటిపూట బడి నుంచి వచ్చింది మొదలు రాత్రి పదకొండు దాకా వంటింట్లోనే ఉంటుంది. మొన్న పులావు, కోడికూర, రొయ్యల వేపుడు, గుత్తి వంకాయ, సాంబారు, పెరుగు పచ్చడి, ఐస్‌క్రీం పెట్టాం. 3,400 రూపాయలైంది. ఇంటి లోను పోగా నా చేతికి వచ్చేది 31 వేలు. ‘వచ్చే శనివారం నుంచి నేను విజయనగరం మా అమ్మ దగ్గరికి పోతాను, మీరే వండుకోండి’ అని తేల్చి చెప్పేసింది. మిత్రుల్ని రావద్దని ఎలా అనను? తిండికి డబ్బులడగడం నావల్ల కాదు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రాసిందే ఇంకోసారి చదువుకోండి. మీ ఆవిడ వాళ్ళని రావద్దనలేదు, ‘మీరే వండుకోండి’ అంది. ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటే సగం తగువు అక్కడే తేలిపోతుంది. శనివారం వంట ఇకపై మీది. ఆవిడ ఆ పూట అందరితో పాటు హాల్లో కూర్చుంటుంది. ‘నాకు వంట రాదు’ అని మీరు రాయలేదు కాబట్టి వచ్చనే అనుకుంటున్నాం. రాకపోయినా కింద రాసినవి నేర్చుకోవడానికి రెండు శనివారాలు చాలు.

ఇక ఖర్చు. నెలకు 13 వేలు దాటుతోందంటే చేతికొచ్చే డబ్బులో నలభై శాతం పైనే. దానికి కారణం మీ మిత్రులు కాదు, మీరు పెట్టిన ఏడు వంటకాలు. పెళ్ళిలో ఏడు రకాలు పెడితే వండటానికి నలుగురు, అంట్లు తోమటానికి ఇద్దరు ఉంటారు. మీ ఇంట్లో ఆ ఆరుగురూ మీ ఆవిడే. పైగా వంటకాలు పెరిగిన కొద్దీ ప్రతిదీ కొంచెం కొంచెం మిగులుతుంది. రొయ్యల సంగతే చూడండి. తలతో, పొట్టుతో కొన్న కిలో రొయ్యలు వలిస్తే అరకిలోకి అటూఇటూ తేలతాయి. వేపుడు చేస్తే నీరు పోయి ఇంకా ముడుచుకుంటాయి. పన్నెండు మందికి తలా నాలుగైదు రొయ్యలు. అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోసిన వంటకం రెండు నిమిషాల్లో అయిపోతుంది, పక్కన కోడికూర ఉండనే ఉంది కాబట్టి అది లేకపోయినా ఎవరూ అడగరు.

అందుకని రకాలు తగ్గించి పరిమాణం పెంచండి. ఒక పెద్ద గిన్నెలో ఒకే ప్రధాన వంటకం, పక్కన నంచుకోవడానికి ఒకటి, చివర పెరుగు. అంతే. రెండో కూర పెట్టాలని చెయ్యి లాగుతుంది, లాగనివ్వకండి. వంట ఏమిటో గురువారం రాత్రే ఖాయం చేసుకోండి. శనివారం సాయంత్రం నాలుగింటికి ‘ఈవేళ ఏం చేద్దాం’ అనుకుంటే ఆరింటికి బిరియానీ ప్యాకెట్లకు ఫోన్ చేస్తారు. పది లీటర్ల మందపాటి అడుగున్న స్టీలు గిన్నె ఒకటి కొనుక్కోండి. పల్చటి అల్యూమినియం వద్దు. అడుగంటుతుంది, పైగా చింతపులుసు అందులో ఎక్కువసేపు ఉంటే లోహం రుచి పట్టేస్తుంది.

మొదటి వారం సాంబారన్నంతో మొదలుపెట్టండి. శాకాహారుల బెడద లేదు, తప్పు జరిగినా దిద్దుకోవచ్చు. పన్నెండు మందికి సోనామసూరి బియ్యం 800 గ్రాములు, కందిపప్పు 350 గ్రాములు, కూరముక్కలు కిలోంపావు (ఆనపకాయ, ములక్కాడలు, తియ్యగుమ్మడి, క్యారెట్, చిన్న ఉల్లిపాయలు), చింతపండు 90 గ్రాములు, సాంబారు పొడి 60 గ్రాములు. పెరుగన్నానికి ఇంకో 300 గ్రాముల బియ్యం విడిగా. కూరలు శుక్రవారం సాయంత్రం రైతుబజారులో కొని, ఆ రాత్రే టీవీ ముందు కూర్చుని తరిగి డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టేయండి. శనివారం పనిలో పెద్ద ముక్క అక్కడే తరిగిపోతుంది.

పప్పు గంట నానబెట్టి లీటరు పైచిలుకు నీళ్ళు, పసుపు, చెంచా నూనె వేసి కుక్కర్లో మెత్తగా ఉడికించండి. నూనె వేస్తే నురుగు పొంగి విజిల్ రంధ్రంలోకి ఎగదన్నదు. అది తీసి, అదే కుక్కర్లో బియ్యం రెండు లీటర్ల నీళ్ళతో మెత్తగా వండండి. ఇక్కడ ఒక కొలత గుర్తుంచుకోండి. బియ్యం, పప్పు లాంటి ఉబ్బేవి ఉడికించేటప్పుడు కుక్కర్‌ను నీళ్ళతో కలిపి సగానికి మించి నింపకూడదు. 800 గ్రాముల బియ్యం, రెండు లీటర్ల నీళ్ళు కలిపితే రెండున్నర లీటర్లు దాటుతుంది, ఐదు లీటర్ల కుక్కర్‌కు అది ఎక్కువే, కాబట్టి రెండు విడతలుగా పెట్టండి. ఒకేసారి పోస్తే గంజి విజిల్లోంచి చిమ్మి పొయ్యంతా పాడు చేస్తుంది. రెండు విడతలు కుదరకపోతే పెద్ద గిన్నెలో ఎసరు పెట్టి గంజి వార్చండి.

పెద్ద గిన్నెలో లీటరున్నర నీళ్ళు మరిగించి, ముక్కలు ఉప్పేసి ముప్పాతిక వంతు ఉడికాకే చింతపండు రసం లీటరు పోయండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. పులుపు ముందే పడితే ముక్క ఇక మెత్తబడదు, ఎంతసేపు ఉడికించినా కొరికితే కరకరమంటుంది. పప్పుకూ అదే వర్తిస్తుంది, అందుకే దాన్ని విడిగా ఉడికించమన్నది. పులుసులో సాంబారు పొడి వేసి పచ్చివాసన పోయేదాకా పది నిమిషాలు మరిగించి, మెదిపిన పప్పు కలిపి, ఇంకోసారి పొంగాక అన్నం వేసి మంట బాగా తగ్గించండి. ఈ దశలో గరిటె అడుగు దాకా తిప్పుతూ ఉండాలి. పప్పూ అన్నమూ కలిసి బరువుగా అడుగుకు దిగుతాయి, ఒకసారి మాడితే ఆ వాసన గిన్నెంతా పాకుతుంది. మాడిందని తెలిస్తే అడుగు గీకకండి, పైదాన్ని మెల్లగా వేరే గిన్నెలోకి వంచేయండి. ఉప్పు మొత్తం మూడు టేబుల్ స్పూన్ల దాకా పడుతుంది గానీ ముందు రెండున్నరతో ఆపి రుచి చూడండి. నలుగురి వంటను మూడు రెట్లు చేస్తే ఉప్పు, కారం, పులుపు సరిగ్గా మూడు రెట్లు వేయకూడదు. కొంచెం తగ్గించి వేసి చివర్లో సరిచూసుకోవాలి.

సాంబారన్నం దించాక కూడా చిక్కబడుతూనే ఉంటుంది. వడ్డించే వేళకు లీటరు వేడినీళ్ళు పక్కన ఉంచుకోండి. నేతిలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు వడ్డించే ముందే వేయండి. అప్పడాలు, ఆవకాయ, పెరుగన్నం. ఇప్పటి ధరల్లో మొత్తం ఐదారు వందలకు మించదు.

రెండో వారం కోడికూర. రెండు కిలోలు అక్కర్లేదు, ఎముకతో కిలోన్నర, బంగాళాదుంపలు ముప్పావు కిలో. దుంప ముక్క పులుసు పీల్చుకుని మాంసం ముక్కకు దీటుగా ఉంటుంది, పిల్లలు దాన్నే ముందు తింటారు. ఈ కూర బాగా రావడం, రాకపోవడం ఉల్లిపాయల దగ్గరే తేలుతుంది. 600 గ్రాముల ఉల్లి తరిగి ఇరుకు గిన్నెలో వేస్తే వేగవు, సొంత నీటిలో ఉడుకుతాయి. వెడల్పాటి బాండీలో చిటికెడు ఉప్పుతో వేసి, మంట మధ్యస్థంగా పెట్టి, ఇరవై అయిదు నిమిషాలు ఓపిక పట్టాలి. పది నిమిషాలకే అల్లంవెల్లుల్లి వేసేస్తే కూర పచ్చిగా, తెల్లగా, నీళ్ళగా ఉంటుంది. చిక్కదనానికి జీడిపప్పు, గసగసాలు ఖరీదు. 75 గ్రాముల వేరుశనగ గుళ్ళు, రెండు చెంచాల నువ్వులు వేయించి నూరి కలపండి. మసాలా వేగాక, కోడిముక్కలు వేయకముందే మూడు గరిటెలు వేరే గిన్నెలోకి తీసి అందులో కొన్ని దుంపలు, బఠానీలు వేసుకుంటే శాకాహారులకు కూర తయారు. వాళ్ళకోసం ఇంకో వంట మొదలుపెట్టనక్కర్లేదు. కోడిముక్కలు పది నిమిషాలు మగ్గాక దుంపలు, లీటరుంపావు వేడినీళ్ళు. పక్కన తెల్లన్నం, ఉల్లి, నిమ్మబద్ద. పులావు వద్దు. చపాతీల జోలికి అసలే పోకండి. పన్నెండు మందికి నలభై పైచిలుకు ఒత్తి కాల్చేసరికి ఒక మనిషి గంటన్నర పొయ్యి దగ్గరే ఉండాలి.

మూడో వారం చేప. వంజరం, చందువ మీ బడ్జెట్ కాదు. ఫిషింగ్ హార్బర్లో కానాగంతలు, కవ్వళ్ళు చవగ్గా దొరుకుతాయి. కవ్వళ్ళలో ముళ్ళెక్కువ కనుక పిల్లలున్నచోట కానాగంతలే మేలు. రెండు కిలోలు కొంటే శుభ్రం చేశాక మూడో వంతు పోతుంది. ఇంటికి తెచ్చేటప్పుడు సంచిలో ఐసు ఉండి తీరాలి. ఈ జాతి చేపలు ఎండలో కాసేపుంటే వాటిలో హిస్టమిన్ తయారవుతుంది. తింటే ఒళ్ళంతా ఎర్రబడి దద్దుర్లు వస్తాయి, ఎంత ఉడికించినా అది పోదు. పులుసు మరిగి చిక్కబడ్డాకే ముక్కలు వేసి పది, పన్నెండు నిమిషాల్లో దించండి. గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని కుదపండి. మధ్యాహ్నమే చేసి చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి రాత్రికి మరిగేలా వేడిచేస్తే ముక్కకు పులుపు పడుతుంది. శాకాహారులకు ఆ రోజు ముద్దపప్పు, చారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్ల వేట నిషేధం, ధరలు ఎక్కేస్తాయి. ఆ రెండు నెలలూ కోడిగుడ్ల పులుసు పెట్టండి.

నాలుగో వారం చింతపల్లి వైపు నుంచి వచ్చే రాజ్మా. 700 గ్రాములు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో పది నిమిషాలు తెర్లేలా మరిగించాకే కుక్కర్లో పెట్టండి. సరిగా ఉడకని రాజ్మా వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది.

మిగిలిన అన్నం గురించి ఒక మాట. రాత్రి కబుర్లలో పడి గిన్నె మూతపెట్టి పొద్దున్న దాకా పొయ్యి మీదే వదిలేస్తారు. విశాఖ ఉక్కపోతకు అది ప్రమాదం. అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా విడిచే విషం మళ్ళీ వేడిచేసినా విరగదు. తినడం అయ్యాక వెడల్పాటి పళ్ళేల్లో పరిచి చల్లార్చి, వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి.

డబ్బు అడగలేనన్నారు. అడగొద్దు. కానీ ‘ఏమైనా తేవాలా’ అని వాళ్ళు అడిగినప్పుడు మీరేమంటున్నారు? ‘ఏమీ వద్దురా, మీరు రండి చాలు’. ఈ మర్యాదే మీ కొంప ముంచుతోంది. ఇకపై అడిగిన వెంటనే ఒక వస్తువు, ఒక కొలత చెప్పండి: ‘లీటరున్నర పెరుగు పట్రా’, ‘డజనున్నర అరటిపళ్ళు’, ‘అడ్డాకుల విస్తళ్ళు పాతిక’. అడగనివాళ్ళ కోసం శుక్రవారం మీ గ్రూపులో పెట్టండి: ‘రేపు కానాగంతల పులుసు. అన్నం, పులుసు మావి. పెరుగు, పళ్ళు, విస్తళ్ళు మీలో ఎవరు తెస్తారో పేరు రాయండి.’ మూడేళ్ళుగా మీ ఇంట్లో తింటున్నవాళ్ళు దీనికి నొచ్చుకోరు. ఎప్పుడో పెట్టాల్సిందిరా అనే వాళ్ళే ఎక్కువ ఉంటారు. విస్తళ్ళు వస్తే కంచాలు తోమే పని పోతుంది. ఉన్న రెండు గిన్నెలూ రాత్రే మీరు తోమండి, ఆవిడకు పొద్దున్న సింకు నిండా కనిపించకూడదు. (మందు సంగతి మీరు రాయలేదు. ఉంటే గనక దాని ఖర్చు, దాని పక్కన నంజుళ్ళ ఖర్చు తాగేవాళ్ళే పంచుకోవాలి, ఇంటి లెక్కలో కలపకండి.)

ఆవిడతో మాట్లాడేటప్పుడు ‘నువ్వు కూడా సాయం చెయ్యి’ అని మొదలుపెట్టకండి. ‘ఈ నాలుగు వారాలూ నేను వండుతాను, నెలకు మొత్తం నాలుగు వేలు దాటనివ్వను, లెక్క ఈ పుస్తకంలో రాస్తాను’ అని చెప్పి చేసి చూపించండి. ఉప్పు ఎక్కువైతే ఆవిడ వంటింట్లోకి పరుగెత్తుకొస్తుంది, రానివ్వకండి. ఆ తర్వాత కూడా ప్రతి వారం వద్దంటే ఆవిడకు బాధ వంట కాదు, వారమంతా పనిచేసి ఒక్క సాయంత్రం కూడా ఇల్లు తనది కాకపోవడం. అప్పుడు నెలకు రెండుసార్లకు తగ్గించండి. అందులో ఒకటి కైలాసగిరి మీదో, తెన్నేటి పార్కులోనో పగటిపూట పెట్టుకోండి. పులిహోర కట్టుకుపోవచ్చు: కిలో బియ్యానికి చింతపండు 120 గ్రాములు, నూనె 150 మిల్లీలీటర్లు. గుజ్జు నూనె పైకి తేలేదాకా ఉడికించి, అన్నం పూర్తిగా చల్లారాక కలిపితే ముద్దకట్టదు. పెరుగన్నం మాత్రం ఎండలో మోసుకెళ్ళొద్దు, మజ్జిగ ఐసు వేసిన ఫ్లాస్కులో పట్టుకెళ్ళండి.